టికెట్ మూస్తే లైను బాగైనట్టేనా? ట్రాయ్‌కు, కలెక్టర్ గారికి, నెట్ కంపెనీలకు వింజమూరు నుంచి బహిరంగ లేఖ

భారత టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) అధ్యక్షుల వారికి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,
మా మెట్ట మండలాల్లో బ్రాడ్‌బ్యాండ్ అమ్ముకుంటున్న కంపెనీల యాజమాన్యాలకు,

నమస్కారం. వింజమూరులో నాకో చిన్న జిరాక్సు, ఇంటర్నెట్ షాపుంది. దరఖాస్తులు పెట్టడం, హాల్‌టికెట్లు తీసివ్వడం, బిల్లులు కట్టడం మా పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కలిగిరి, దుత్తలూరు, వరికుంటపాడు వైపు పల్లెల వాళ్లు. నెట్ సరిగా రావడం లేదని మేం కాల్‌సెంటర్‌కు చెప్పాం, మెయిల్ పెట్టాం, అప్పీలు కూడా వేశాం. అన్నిటికీ జవాబులొచ్చాయి, నెట్ మాత్రం రాలేదు. అందుకే ఈ లేఖను నలుగురి ముందూ పెడుతున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. మెట్టలో ఎవర్ని కదిలించినా, ఏ కంపెనీ కనెక్షన్ ఉన్నా, చెప్పేది ఇంచుమించు ఇదే.

ముందుగా ఒక మాట. మేం తుపాను రోజుల గురించి అడగడం లేదు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, కోవూరు దగ్గర హైవే మూతపడింది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వచ్చింది. అలాంటప్పుడు నెట్ పోయిందని ఎవరూ గొడవ చేయలేదు. మేం అడిగేది ఎండ కాసే రోజుల్లో, గాలి కూడా లేని రోజుల్లో పోయే నెట్ గురించి.

జరిగేదేమిటో చెబుతాను. పొద్దున షాపు తీసేసరికి నెట్ పెట్టె (మోడెమ్) మీద ఎల్‌ఓఎస్ అని రాసున్న చోట ఎర్రలైటు కొట్టుకుంటుంటుంది. అంటే మా దాకా రావాల్సిన వెలుతురు ఫైబర్‌లో రావడం లేదు, లైను ఎక్కడో తెగింది. కాల్‌సెంటర్‌కు ఫోన్ చేస్తే ముందు మిషన్ మాట్లాడుతుంది, తర్వాత ఎవరో మనిషి తగిలి "సార్, పెట్టె ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి" అంటారు. లైను తెగితే పెట్టె ఆపి వేస్తే ఏమొస్తుంది? అయినా చేస్తాం. అప్పుడు మా ఫిర్యాదును టికెట్‌గా రాసుకొని ఒక నంబరు ఇస్తారు. మర్నాడో ఆ పై రోజో ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, మీ సమస్య పరిష్కరించాం, ధన్యవాదాలు అని. అంటే టికెట్ మూసేశారన్నమాట. పెట్టె వైపు చూస్తే ఎర్రలైటు అలాగే ఉంటుంది. మళ్లీ ఫోన్ చేస్తే కొత్త టికెట్, కొత్త నంబరు, మళ్లీ మొదటి రోజు.

ట్రాయ్ వారూ, మా బాధంతా ఈ మెసేజ్‌లోనే ఉంది. 2006లో మీరు పెట్టిన బ్రాడ్‌బ్యాండ్ నాణ్యత నిబంధనల్లోనే, లైను చెడితే మర్నాటి పనిదినానికల్లా నూటికి 90 ఫిర్యాదులు, 3 పనిదినాల్లో 99 ఫిర్యాదులు బాగుచేయాలని ఉండేది. 3 రోజులు దాటి 7 లోపు అయితే 7 రోజుల అద్దె, 7 దాటి 15 లోపు అయితే 15 రోజుల అద్దె, 15 దాటితే నెల అద్దె చందాదారుడికి తగ్గించాలని ఉండేది. 2024 ఆగస్టులో మీరు పాత నిబంధనలన్నీ కలిపి కొత్తవి తెచ్చారు, అక్టోబర్ 1 నుంచి అమల్లో పెట్టారు. మూడు రోజులు దాటితే పరిహారం అనేది అందులోనూ ఉంది. 50 వేలున్న జరిమానాను లక్షకు పెంచి, తప్పు తీవ్రతను బట్టి 10 లక్షల దాకా మెట్లు కట్టారు. మంచి పనే చేశారు. కానీ ఆ మూడు రోజుల లెక్క టికెట్ మీద నడుస్తుంది. టికెట్ రెండో రోజే మూసేస్తే లెక్క అక్కడితో ఆగిపోతుంది. మళ్లీ తెరిస్తే సున్నా నుంచి మొదలు. లైను వారమంతా చచ్చిపడి ఉన్నా, కంపెనీ పుస్తకంలో మాత్రం మూడు ఫిర్యాదులు, మూడూ గడువులోగా పరిష్కారం. మాకు రావాల్సిన అద్దె తగ్గింపు రాదు, వాళ్లు కట్టాల్సిన జరిమానా కట్టరు, మీకు చేరే నివేదికలో అంతా సవ్యంగా కనిపిస్తుంది. తూకం వేసేవాడే సరుకు అమ్ముకుంటుంటే కాటా ఎటు మొగ్గుతుందో సంతకు వెళ్లిన ఎవరికైనా తెలుసు.

ఇంకో చిక్కు సగటులో ఉంది. మీరు ప్రకటించే పనితీరు నివేదికలు సర్కిల్ (టెలికాం సేవల కోసం దేశాన్ని విడదీసిన ప్రాంతం) లెక్కన వస్తాయి. టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే తెలంగాణతో కలిపి. రాష్ట్రం 2014లో విడిపోయింది గానీ ఆ సర్కిల్ విడిపోలేదు. హైదరాబాద్ గచ్చిబౌలి అపార్టుమెంట్లనూ, ఉదయగిరి కొండ కింది పల్లెలనూ ఒకే బుట్టలో వేసి సగటు తీస్తే మా ఎర్రలైటు ఎవరికి కనిపిస్తుంది? 2024 నిబంధనల్లో పెద్ద అంతరాయాలకు పరిహారం పెట్టారు, 24 గంటలకు మించి మొబైల్ నెట్‌వర్క్ ఆగితే ఇవ్వాలన్నారు. అదీ జిల్లా లెక్కనే. మా మండలం మొత్తం ఆగినా నెల్లూరు టౌనులో నడుస్తుంటే అది లెక్కలోకి రాదు.

లైన్లు ఎందుకు తెగుతాయో కూడా మాకు తెలుసు, రోజూ చూస్తున్నాం గనక. ఫైబర్‌ను కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. చౌకగా, త్వరగా పనైంది, కాదనను. కానీ రోడ్డు దాటే చోట తీగ కిందికి వేలాడుతుంది. కోతలయ్యాక గడ్డి ట్రాక్టర్లు ఎత్తుగా కట్టుకొని వస్తాయి. మలుపు దగ్గర గడ్డికి తీగ తగులుకుంటుంది, డ్రైవర్‌కు తెలియను కూడా తెలియదు, లాక్కెళ్లిపోతాడు. తర్వాత లైన్‌మన్ అబ్బాయి వచ్చి అతుకు వేసి, మిగిలిన తీగను చిన్న చుట్టగా చుట్టి స్తంభానికి కట్టేస్తాడు. ఫైబర్‌ను మరీ బిగువుగా వంచితే వెలుతురు బయటికి జారిపోతుంది, వేగం పడిపోతుంది, కొన్నాళ్లకు మళ్లీ ఎర్రలైటు. ఆ అబ్బాయిని తిట్టి లాభం లేదు. బోలెడన్ని ఊళ్లకు అతనొక్కడే, బండి పెట్రోలు కూడా సొంత జేబులోంచే పోసుకుంటాడు. తెగిన ఫైబర్‌ను అతికించే స్ప్లైసింగ్ మిషన్ ఇంకో మండలంలో ఉంటే అది వచ్చేదాకా స్తంభం కింద కూర్చుంటాడు.

భూమిలో వేసిన చోట జేసీబీలు తవ్వేస్తాయి. తవ్వే ముందు ఎక్కడేం లైన్లున్నాయో అడిగి తెలుసుకోవడానికి 2023 మార్చిలో ప్రధానమంత్రి "కాల్ బిఫోర్ యూ డిగ్" అనే యాప్‌ను ప్రారంభించారు. మా రోడ్ల పక్కన పైపుల కోసం తవ్వే కాంట్రాక్టర్లలో ఆ పేరు విన్నవాడు నాకింతవరకు తగల్లేదు.

కరెంటు సంగతి వేరే. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, కరెంటు పోయిన కాసేపటికి నెట్ పోతుంది. ఊరి లైన్లన్నీ చేరే కంపెనీ వాళ్ల పెద్ద పెట్టె ఉండే గదిలో బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి, మార్చే నాథుడు లేడు.

ఇక వేగం. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కట్టినవాడికి మధ్యాహ్నం బాగానే వస్తుంది. రాత్రి ఏడు దాటితే వీడియో తిరుగుతూనే ఉంటుంది. ఒక ఫైబర్ పోగును స్ప్లిటర్‌తో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. జీపాన్ అనే ఈ పద్ధతిలో ఆ పోగు మీద దాదాపు 2.5 జీబీపీఎస్ (2,500 ఎంబీపీఎస్) వస్తుంది, అందరూ ఒకేసారి లాగరు గనక అక్కడ ఇబ్బంది ఉండకూడదు. ఇరుకంతా పైన, ఊరి నుంచి నెల్లూరుకు వెళ్లే లింకులో ఉందని మా అనుమానం. రద్దీ వేళ లింకు వాడకం 80 శాతం దాటకూడదని, చందాదారుడికి కట్టిన వేగంలో 80 శాతానికి పైగా అందాలని 2006 నాటికే రూలుంది. ఫిర్యాదు చేస్తే మాత్రం స్పీడ్ టెస్ట్ చేసి పంపమంటారు. చేస్తే 95 చూపిస్తుంది, ఎందుకంటే ఆ టెస్ట్ సర్వర్ వాళ్ల నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. ఇంటి గేటు దాకా రోడ్డు బాగుందని చెప్పినట్టుంది, ఊరు దాటాక సంగతి ఎవరడగాలి?

దీనివల్ల ఎవరికేం జరుగుతోందో రాస్తున్నాను.

1. పిల్లలు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరు రోజు. వరికుంటపాడు వైపు నుంచి ఒకాయన కూతుర్ని తీసుకొని వచ్చాడు. ఆ పిల్ల కాలేజీల పేర్లన్నీ నోట్‌బుక్‌లో వరసగా రాసుకొచ్చింది, పక్కన కోడ్‌లు కూడా. లాగిన్ అయ్యాం, ఓటీపీ వచ్చింది, అది కొట్టేలోగా పేజీ చచ్చిపోయింది. మళ్లీ లాగిన్, మళ్లీ ఓటీపీ. ఇంతలో ఎర్రలైటు. ఆయన పొద్దున్నుంచి ఏమీ తినలేదు, "ఏందన్నా, వస్తదా రాదా, సరిగ్గా చెప్పు" అన్నాడు. నేనేం చెప్పను? ఫోన్ సిగ్నల్‌తో ప్రయత్నించాం, టవర్‌కు కూడా అదే ఫైబర్ దిక్కు కాబోలు, అదీ పలకలేదు. చివరికి కావలి బస్సెక్కారు. సీటు వచ్చిందో లేదో నాకు మళ్లీ చెప్పలేదు. ఇలాంటివాళ్లు ప్రతి ఏడాదీ వస్తారు. స్కాలర్‌షిప్పులు, డీఎస్సీ దరఖాస్తులు, హాల్‌టికెట్లు, అన్నిటికీ ఆఖరు తేదీ ఉంటుంది. నెట్ పోయిందని ఆ తేదీ ఎవరూ పొడిగించరు.

2. రైతులు. పొగాకు వేలం కలిగిరి, డీసీపల్లి కేంద్రాల్లో ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరుగుతుంది. ఈ-క్రాప్ నమోదు, పీఎం కిసాన్ ఈ-కేవైసీ, పంటల బీమా, అన్నీ ఆన్‌లైన్. బత్తాయి, నిమ్మ రైతు ఇవాళ కాయ కోయాలా వద్దా అన్నది వాట్సాప్‌లో వచ్చే రేటును బట్టి తేల్చుకుంటాడు. రేటు మర్నాడు తెలిస్తే లారీ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

3. సచివాలయాల దగ్గర నిలబడేవాళ్లు. సర్టిఫికెట్లు ఇప్పుడు వాట్సాప్‌లో ఇస్తున్నారు, 2025 జనవరిలో మన మిత్ర వచ్చింది. సంతోషం. అయితే సర్కారు సేవ ఎంత ఫోన్‌లోకి వెళితే, లైను తెగినప్పుడు అంత ఎక్కువమంది ఒక్కసారే ఆగిపోతారు. వేలిముద్ర పడక ముసలివాళ్లు రెండోసారి, మూడోసారి తిరుగుతున్నారు. వాళ్లకు ఆటో ఖర్చు ఎవరిస్తారు?

4. చిన్న వ్యాపారాలు. టీ కొట్టు మొదలు ఎరువుల కొట్టు దాకా అందరి దగ్గరా క్యూఆర్ కోడ్ ఉంది, జేబులో చిల్లర పెట్టుకొని తిరగడం జనం మానేశారు. డబ్బు కట్ అయిందంటాడు కొన్నవాడు, పడలేదంటాడు అమ్మినవాడు. రెండూ నిజమే. ఆ గంటలో ఇద్దరి మధ్య నమ్మకం పోతుంది.

5. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు. కరోనా నాడు బెంగళూరు, చెన్నై నుంచి వచ్చిన పిల్లలు కొందరు ఇక్కడే ఉండి పనిచేద్దామనుకున్నారు. మీటింగ్ మధ్యలో నెట్ పోతే మేనేజర్ ఎన్నిసార్లు ఊరుకుంటాడు? ఒక్కొక్కరే మళ్లీ వెళ్లిపోయారు. ఊళ్లో కొంచెం డబ్బు తిరుగుతుందనుకున్నాం, అదీ పోయింది.

6. ఆస్పత్రులు. ఫోన్‌లో డాక్టర్‌కు చూపించుకోవడం, ఆరోగ్య బీమా అనుమతులు, ల్యాబ్ రిపోర్టులు, ఇవన్నీ నెట్ మీదే. ఇక్కడ ఆలస్యం ఎంత దూరం పోతుందో నేను రాయనక్కరలేదు.

"నచ్చకపోతే వేరే కంపెనీకి మారండి" అని కాల్‌సెంటర్ వాళ్లు అన్నారు. పట్నంలో ఆ మాట చెల్లుతుంది. మా బజారులో రెండో కంపెనీ తీగ కూడా అదే స్తంభాల మీదుగా, అదే మలుపు దాటి వస్తుంది. గడ్డి ట్రాక్టర్ రెండింటినీ ఒకేసారి లాగుతుంది.

అందుకని మా డిమాండ్లు ఇవి.

ట్రాయ్ వారికి:

1. టికెట్ మూయడం కంపెనీ ఇష్టానికి వదలొద్దు. లైను బాగైందని చందాదారుడు ఓటీపీ చెబితేనే టికెట్ మూతపడాలి. ఓటీపీ లేకుండా మూసిన ప్రతి టికెట్‌నూ పరిష్కారం కానిదిగానే లెక్కించాలి.

2. అదే కనెక్షన్ మీద వారంలోపు మళ్లీ ఫిర్యాదు వస్తే పాత టికెట్ కొనసాగినట్టే చూడాలి. మూడు రోజుల లెక్క మొదటి రోజు నుంచే నడవాలి.

3. పరిహారం కోసం మేం అడగనక్కర లేకుండా చేయండి. ఏ ఇంటి పెట్టెకు వెలుతురు ఏ నిమిషంలో ఆగిందో, ఏ నిమిషంలో తిరిగి వచ్చిందో కంపెనీ దగ్గరున్న పెద్ద పెట్టె తనంతట తాను రాసిపెట్టుకుంటుంది. ఇంట్లో కరెంటు పోయి ఆగిందా, లైను తెగి ఆగిందా అన్నది కూడా అందులో విడిగా తెలుస్తుంది, ఎందుకంటే కరెంటు పోయేటప్పుడు ఇంటి పెట్టె ఆఖరుగా ఒక సంకేతం పంపి మరీ ఆగుతుంది. ఈ లెక్క ఉండగా టికెట్ల మీద ఆధారపడడం దేనికి? ఆ రికార్డు తీసుకొని అద్దె తగ్గింపు దానంతటది బిల్లులో పడేలా ఆదేశించండి. ఏ ఒక్క డిమాండు ఒప్పుకుంటారని అడిగితే మేం ఇదే కోరతాం.

4. పనితీరు లెక్కలు మండలాల వారీగా ప్రకటించండి, కనీసం జిల్లాల వారీగా. అంతరాయ పరిహారాన్ని కూడా మండలం దాకా దించండి.

5. స్పీడ్ టెస్ట్ కంపెనీ నెట్‌వర్క్‌కు బయట ఉన్న సర్వర్‌తో, రాత్రి ఏడు నుంచి పది మధ్య చేసిందే చెల్లుబాటు కావాలి.

కలెక్టర్ గారికి:

6. జిల్లాలో రోడ్డు, నీటి పైపులు, కాలువ పనులకు వర్క్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు, తవ్వే ముందు "కాల్ బిఫోర్ యూ డిగ్" యాప్‌లో సమాచారం ఇవ్వాలన్న షరతు పెట్టండి. చెప్పకుండా తవ్వి తెంపితే అతుకు ఖర్చు కాంట్రాక్టర్ బిల్లులోంచి కోయండి.

7. రోడ్డు దాటే ప్రతి చోటా కేబుల్ ఎత్తు కొలిపించండి. కరెంటు శాఖ, కంపెనీలు కలిసి ఒక వారం తిరిగితే ఒక మండలం అయిపోతుంది. పెద్ద ఖర్చేం కాదు.

కంపెనీలకు:

8. గదుల్లో బ్యాటరీలు మార్చండి. లైన్‌మన్‌లను పెంచండి, ఉన్నవాళ్లకు పెట్రోలు డబ్బులివ్వండి. ప్రతి మండలానికీ స్ప్లైసింగ్ మిషన్ దగ్గర్లో ఉంచండి.

9. మెసేజ్‌లు, అప్పీలు జవాబులు తెలుగులో పంపండి. అప్పీలును 39 రోజుల్లో తేల్చాలని 2012 నిబంధనల్లో ఉంది. తేల్చడమంటే "తగిన చర్య తీసుకున్నాం" అని ఒక వాక్యం పంపడం కాదు, ఏ రోజు ఏ చోట ఏం బాగుచేశారో రాయాలి.

విడి ఫిర్యాదులు తీసుకోబోమని ట్రాయ్ చెబుతుందని మాకు తెలుసు. ఇది విడి ఫిర్యాదు కాదు, నిబంధనలో ఉన్న కంత గురించి చెబుతున్నాం. ఆ కంత పూడ్చగలిగింది మీరొక్కరే. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నెల్లూరు జిల్లా కమిషన్‌కు వెళ్లడానికి మాకు అడ్డేమీ లేదు. కానీ నెలకు కొన్ని వందల బిల్లు కట్టే మనిషి, ఆ కొన్ని వందల కోసం కూలి పోగొట్టుకొని ఎన్ని వాయిదాలు తిరుగుతాడు? కంపెనీలకు ఆ సంగతి బాగా తెలుసు.

ఈ లేఖ కాపీని మా షాపు గోడకు అంటించాను. కింద సంతకాలకు తెల్ల కాగితాలు పెట్టాను, వచ్చినవాళ్లు పెడుతున్నారు. టికెట్ నంబర్లు, "పరిష్కరించాం" అన్న మెసేజ్‌లు, అదే రోజు తీసిన ఎర్రలైటు ఫోటోలు కూడా ఎవరివి వాళ్లు తెచ్చిస్తున్నారు. నెల రోజుల్లో మీ జవాబు కోసం చూస్తాం. రాకపోతే ఇవన్నీ కట్టగట్టుకొని అందరం కలిసి ఒకే ఫిర్యాదుగా నెల్లూరు కమిషన్‌లో వేస్తాం.

ఇట్లు,
జిరాక్సు, ఇంటర్నెట్ షాపు యజమాని, మరియు సంతకాలు చేసిన చందాదారులు,
వింజమూరు,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా